ఫిర్యాదుల గది

“సిస్టర్! ఈయన చెయ్యి చూడండి, బెలూన్‌లా ఉబ్బిపోయింది. సెలైన్ నరంలోకి పోవట్లేదు, కండలోకి పోతోంది!”

అరిచింది టైలరమ్మ. కాలు విరిగిన తండ్రికి తోడుగా వచ్చింది. తండ్రి మందుల మత్తులో నిద్రపోతున్నాడు. ఆ ఉబ్బిన చెయ్యి పక్క మంచం ఆయనది. పాపం, ఆయనకు తోడెవరూ లేరు. పొద్దుటి నుంచి మూలుగుతున్నాడే తప్ప ఎవర్నీ పిలవడు. వేళ్లకు స్పర్శ కూడా తెలియడం లేదట.

సిస్టర్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. “ఫిర్యాదులు వార్డులో తీసుకోమమ్మా. పై అంతస్తులో ఫిర్యాదుల గది ఉంది. అక్కడ చెబితే వాళ్లు మాకు చెబుతారు. అప్పుడు చూస్తాం.”

“అయితే ఆ సూది నేనే పీకేస్తా.”

“ముట్టుకున్నారంటే మీదే బాధ్యత.”

“కళ్లెదుటి మనిషిని చూడ్డానికి పైనుంచి కబురు రావాలా? ఎవడు పెట్టాడీ రూలు?”

“ఆ గది ఆఫీసరుగారే.”

“ఆయనగారు ఎప్పుడైనా వార్డులో అడుగుపెట్టాడా?”

“మేమే ఆయన మొహం చూడలేదు,” అని సిస్టర్ మళ్లీ ఫోన్‌లో పడింది.

ఆహా, ఏం ఏర్పాటండీ! నొప్పి కింద, వినే చెవి పైన. మధ్యలో లిఫ్టు, అదీ పనిచెయ్యదు.

టైలరమ్మ కొంగు బిగించింది. పక్క మంచం ఆయన ఎడంచెయ్యి ఊపాడు.

“వెళ్లకమ్మా. లాభం లేదు.”

“అదేంటి బాబాయ్, అలా అంటారు?”

“ముందు కూర్చోమంటారు. మంచినీళ్లిస్తారు. మీ బాధ అర్థమైందంటారు. విచారిస్తామంటారు. నువ్వు దణ్ణం పెట్టి వచ్చేస్తావు. అంతే.”

“ఎన్నిసార్లు వెళ్లారేంటి ఆ గదికి?”

“రోజూ,” అన్నాడాయన, గోడవైపు తిరిగి.

ఆమెకు ఒళ్లు మండింది. రోజూ వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చాడట! ఇలాంటి మెతక మనుషులుండబట్టే కదా వాళ్ల ఆటలు సాగుతున్నాయి అని గొణుక్కుంటూ మెట్లెక్కింది.

కాసేపటికి ఆయాసపడుతూ దిగొచ్చి స్టూలు మీద కూలబడింది.

“తాళం బాబాయ్, తాళం! ఆఫీసరుగారికి ఒంట్లో బాగోలేదట, సెలవట! ఆయన తప్ప ఇంకెవరూ ఫిర్యాదు తీసుకోకూడదట. ఆ గదిలోంచి ఫోన్ చేస్తేనే కింద డాక్టరు కదులుతాడట. పోనీ గది తియ్యవయ్యా, నేనే చేస్తానంటే, తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉందట. అటెండరు పళ్లికిలిస్తూ మరీ చెప్పాడు!”

ఆ చెయ్యి ఇప్పుడు మోచేతి దాకా కందిపోయింది. అది చూసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు కాస్తా తిట్టయింది.

“ఊరికే పోతుందా ఈ ఉసురు? వాడి చెయ్యి పడిపోను! వాడు గొంతు చించుకున్నా పలికే దిక్కు లేకుండా పోను!”

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“నొప్పా బాబాయ్?”

ఆయన ఎడంచేత్తో దిండు కింద తడిమి, పై అంతస్తు గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.