సాక్షి సీసా

“మాస్టారూ, మళ్లీ వచ్చింది.”

ల్యాబ్ హెడ్ కాగితం బల్ల మీద పెట్టింది. ఒకప్పుడు పిపెట్ పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు ఆయనకే పై అధికారి. పిలుపు మాత్రం మార్చుకోలేదు. అందుకు ఆయన మనసులో రోజూ ఒక దండం పెట్టుకుంటాడు.

చెరువుకి వెళ్లేటప్పుడు నమూనా సీసాలతో పాటు శుద్ధమైన నీళ్ల సీసా ఒకటి తీసుకెళ్తారు. అక్కడ మూత తీసి, మళ్లీ బిగించి తెస్తారు. ల్యాబులో దాన్ని సాక్షి సీసా అంటారు. అందులో వాళ్లు వెతికే రసాయనం ఉండకూడదు. ఉందంటే ఆ రసాయనం చెరువుది కాదు, వెళ్లినవాళ్లు మోసుకెళ్లింది.

“మూడోసారి,” అంటూ ఆమె తన నోటుబుక్కులో రాసుకుంది. “ఇలాగైతే నీటికాకి గుడ్లలో దొరికిందీ, మురుగు కాలువలో దొరికిందీ ఏదీ నిలబడదు. రిపోర్టు ఇస్తే ‘ముందు మీ చేతులు కడుక్కుని రండి’ అంటారు. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.”

“నా మీదికి రాకండి మేడమ్,” డ్రైవర్ గుమ్మంలోంచే అన్నాడు. “మీ పుస్తకం మొదటి పేజీలో తేవద్దని రాసినవన్నీ మానేశాను. చిప్స్ ప్యాకెట్ మానేశాను, చేతులకు క్రీము మానేశాను. మా ఆవిడ నన్ను ముట్టుకోవడమే మానేసేలా ఉంది.”

వాళ్లిద్దరి చూపులూ కొక్కేనికి వేలాడుతున్న మాస్టారి నీలం రెయిన్‌కోటు మీదికి వెళ్లాయి. నీళ్లు జారిపోవాలని అలాంటి కోట్లకు పూసేది వాళ్లు వెతుకుతున్న ఫ్లోరిన్ రసాయనాలనే. ఒకసారి నీళ్లలో చేరితే తరాలు మారినా చావవవి.

“ఇరవయ్యేళ్ల నుంచి ఇదే కోటమ్మా,” అన్నాడు మాస్టారు. “ఎప్పుడూ లేంది ఇప్పుడెందుకు వస్తుంది?”

“అప్పటి మెషీన్‌కి చత్వారం మాస్టారూ. దీనికి కళ్లు మంచివి. ఒక ముక్క కోసి చూద్దాం.”

“అందులోనే ఉంటే?”

“కోటు ఇక చెరువుకి రాకూడదు. ఏం జరిగిందో రిపోర్టులో రాయాలి.”

“మా ఆవిడ కొన్న కోటు ఏడాది పని పాడుచేసిందని రాస్తావు.”

ఆమె తల దించుకుంది. “కోటు అని రాస్తాను మాస్టారూ. ఎవరు కొన్నారో రాయను.”

ఆ మాత్రం దయ చాలనుకున్నాడాయన. కోటు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “తనే కుడతానంది. నేనే వద్దన్నాను. ‘నువ్వు కుట్టింది వేసుకెళ్తే ఆఫీసులో నవ్వుతారే’ అన్నాను. మూతి ముడుచుకుని బజారుకెళ్లి ఈ కంపెనీ కోటు తెచ్చింది.”

“భలే చూసుకున్నారు సార్, ఇన్నేళ్లు!” అన్నాడు డ్రైవర్.

“నేనెక్కడ! అంతా తనే. ఏటా వానలకు ముందు ఇస్త్రీ చేసేది. రెయిన్‌కోటుకి ఇస్త్రీ ఏమిటే అంటే, ‘ముడతలుంటే వానకు కూడా లోకువేనండీ’ అనేది. తను పోయి మూడేళ్లు. ఇప్పుడిది భుజాల దగ్గర కారుతోంది.”

ఠక్కున కరెంటు పోయింది. లోపలి గదిలో మెషీన్ మాత్రం బ్యాటరీ మీద గుర్రుమంటూనే ఉంది. కిటికీ లేని స్టోరులో కత్తెర కోసం తడుముకుంటూ, “కొవ్వొత్తి ఉందా ఎవరి దగ్గరైనా?” అని అరిచింది ల్యాబ్ హెడ్.

మాస్టారు నవ్వాడు. “మా ఇంట్లో అయితే అడగనక్కర్లేదు. వానాకాలం వచ్చేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. ‘ఎలుకలు తినేశాయండీ’ అనేది. బోనులు పెట్టాను, ఒక్కటీ పడలేదు. చీకట్లో అన్నం తింటూ నేను ఎలుకల్ని తిడుతుంటే, తను కిసుక్కున నవ్వేది. ఆ చీకటి భోజనాలు...”

కత్తెర రాగానే ఆయన కోటు అంచు లోపల, పైకి కనబడని చోట చూసి, అరచేతిలో పట్టేంత ముక్క తనే కోసి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ హెడ్ వచ్చి తన నోటుబుక్కును, అంటరాని వస్తువులా ఒక సంచిలో చుట్టి, బల్ల మీద పెట్టింది.

“తప్పు నాదే మాస్టారూ. వానకు తడవని కాగితమని మోజుపడి కొన్నాను. ఆ కాగితానికే పూత ఉంది. సాక్షి సీసా మూత తీసినప్పుడల్లా ఇందులోనే టైము రాశాం.”

“తీసుకెళ్లకూడని వాటి జాబితా కూడా ఇందులోనే కదా మేడమ్!” డ్రైవర్ కళ్లు పెద్దవి చేశాడు. “దొంగల పేర్లు దొంగ చేతే రాయించామన్నమాట!”

“గుడ్లు ల్యాబులోనే పగలగొట్టాం, ఈ పుస్తకం అక్కడికి రాలేదు. అవి నిలబడతాయి. నీళ్లు మళ్లీ తెస్తే చాలు. రేపే వెళ్దాం. మీరు కోటు వేసుకునే రండి.”

“కోటులో ఏమీ లేదా?”

“సున్నా. అసలది కంపెనీ కోటే కాదు మాస్టారూ. మామూలు కాటన్ గుడ్డ. వేడిచేసి చల్లారిస్తే సీసా అంచున తెల్లగా మైనం పేరుకుంది. ఎవరో ఇస్త్రీ పెట్టెతో గుడ్డలోకి ఎక్కించారు. ఏటేటా, పొర మీద పొర.”

మాస్టారు కోటు తిరగేశాడు. మెడ దగ్గర కంపెనీ పేరున్న గుడ్డముక్క. దాని చుట్టూ చిన్నచిన్న చేతి కుట్లు. తన చొక్కా గుండీలకు ఉన్నవి కూడా ఆ కుట్లే. వేలితో వాటిని ఒక్కొక్కటే తడిమి చూశాడు.

“పాపం, ఆ ఎలుకల్ని ఎన్నేళ్లు తిట్టానో!” అన్నాడు.