తెరచాప ముడులు

స్నానాల గది గడియ పడిన చప్పుడు వినగానే అతను బల్ల దగ్గరికి చేరాడు.

బావ స్నానమంటే ఏనుగును కడిగినట్టే. ఓ పట్టాన తెమలదు. ఆయన బయటికొచ్చే లోపల పని అయిపోవాలి.

బల్ల మీద ఓడ ఉంది. ఎప్పుడో వేల ఏళ్ల కిందట ధాన్యం, నూనె జాడీలు మోసుకుతిరిగిన వర్తకుల ఓడకు నమూనా. మూరెడు పొడవు. అందులో కొత్తగా కొన్నదేదీ లేదు. లోపలి పక్కటెముకలు విరిగిన గొడుగు ఊచలు. తాళ్లు నడిచే కప్పీలు చొక్కా గుండీలు. లంగరు తాడు చుట్టుకునేది కుట్టుమిషను బాబిన్. ఎక్కడో పనిచేసి అలసిపోయిన వస్తువే ఓడలోకి రావాలన్నది బావ పెట్టుకున్న నియమం.

నిన్న సాయంత్రం బావ కట్టిన తెరచాప తాళ్లు పిచ్చుక గూడులా ఉన్నాయి. పట్టకారు బల్లకు ఎడమ పక్కన పడి ఉంది. అతనిది ఎడమచేతి వాటం. దాన్ని అందుకుని చిక్కులు విప్పాడు. ముడులన్నీ మళ్లీ వేశాడు. దారం వెంట్రుకంత సన్నం. ఊపిరి బిగబట్టి వేయాలి.

కొంతకాలంగా ఇదే దొంగతనం. దొంగలు ఉన్నది ఎత్తుకుపోతారు. ఇతను లేనిది పెట్టిపోతాడు. అన్నిటికంటే సిగ్గు ఏమిటంటే, ఆ కాసేపు అతనికి సంతోషంగా ఉంటుంది.

మొదటి తప్పు వేరే ఉంది. రంపం మిషనులో ఇరుక్కున్న చెక్కను బావ వేళ్లతో లాగుతున్నప్పుడు, చూసుకోకుండా స్విచ్ నొక్కింది అతనే. బావ కుడిచేతికి కుట్లు పడ్డాయి. గాయం మానింది. వణుకు మిగిలింది. బావ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రోజు నుంచి అతను పనిముట్టు ముట్టలేదు. ఓడలు తుడిచేవాడు. పెట్టెల్లో సర్దేవాడు. అంతే.

"మళ్లీ ఉలి పట్టరా బామ్మర్దీ. నేర్పిందంతా మట్టిపాలు చేస్తావా?" అని బావ ఎన్నోసార్లు బతిమాలాడు.

"ఈ చేతులు దేనికీ పనికిరావు బావా."

"ఇంతకీ చేయి పోగొట్టుకున్నది మీ బావా, నువ్వా?" అంది అక్క.

అతను గుడ్డ తీసుకుని ఓడలు తుడవడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే బావ వణికే చేత్తో పని మొదలుపెట్టాడు. మొదటి రోజు ఒక్క ముడి జారింది. బావ ఓడను పక్కకు నెట్టేసి, "ఇక మన వల్ల కాదురా. మూసేద్దాం" అన్నాడు. ఆ మాట అతని గుండెలో దిగబడింది. మర్నాడు ఎవరూ చూడకుండా ఆ ముడి సరిచేశాడు.

బావ వచ్చి చూసి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

"ఇదిగో, ఇటు చూడు! నిన్న నాకే చూపు ఆనలేదు. ముడి బాగానే కుదిరింది!"

ఇక వెనక్కి తగ్గే వీలు లేకపోయింది. ఆ తర్వాత ఓ పలక వంకర పోయింది. ఇంకొన్నాళ్లకు చుక్కాని తెడ్డు. ఇప్పుడు తెరచాప మొత్తం. బావ చేయి రోజురోజుకీ పాడవుతోంది. అతని పని రోజురోజుకీ కష్టమవుతోంది.

భోజనాల దగ్గర బావ గ్లాసెత్తితే సగం నీళ్లు నేల మీదే. "ఈయన తిన్నాక నేను వేరే ఇల్లు తుడవక్కర్లేదు" అని అక్క గుడ్డ పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూడలేక అతను కంచంలోకి చూసుకునేవాడు.

తెరచాప ముడులు సరిచేసిన ఆ పూటే, ఓడ చేయించుకుంటున్న గడియారాల వ్యాపారి, పని ఎంతవరకూ వచ్చిందో చూసిపోదామని వచ్చాడు. భూతద్దం పెట్టి మరీ ముడులు చూశాడు.

"చేతికి దెబ్బ తగిలిందన్నారు కదా. ఇదెలా చేశారండీ?"

"చేయిదేముందండీ. లోపల పనితనం ఉండాలేగానీ అదే బయటికొస్తుంది" అన్నాడు బావ. అని బామ్మర్ది వైపు తిరిగాడు. "ఏరా, అంతేనా?"

అతను తలూపాడు. ముందు చేయి పాడుచేశాడు. ఇప్పుడు ఆ చేతికి లేని పేరు అంటగడుతున్నాడు. నిజం తెలిసిన రోజు ఈ మనిషి కుప్పకూలిపోతాడు. తెలియకపోతే బతికినంతకాలం మోసపోతూనే ఉంటాడు. రెంటిలో ఏది తక్కువ పాపమో అతనికి అంతుచిక్కలేదు.

వ్యాపారి వెళ్లాక బావ అతని చేతికి సంచీ ఇచ్చాడు.

"పాత సామాన్ల వీధికెళ్లి గొడుగులేమైనా ఉంటే పట్రా. తొందరేం లేదు, మెల్లిగా రా."

"మీరు మెల్లిగా అంటే వాడు రేపొస్తాడు. అసలే నత్తకు తమ్ముడు" అంది అక్క.

"వాడికి అక్కవి నువ్వేగా" అన్నాడు బావ.

అతనికి నవ్వు రాలేదు.

వీధి మలుపు తిరిగాక కాళ్లు ఆగిపోయాయి. చెప్పేయాలి. ఇవాళే, ఇప్పుడే. బావ తిట్టనీ, కొట్టనీ, ఇంట్లోంచి పొమ్మననీ. ఆయన ముఖంలో వెలుగు ఆరిపోతే అదీ చూడాల్సిందే, తప్పదు.

మాటలు కూడగట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. అక్క ఎదురైతే నోరు పెగలదని వెనక సందులోంచి వచ్చాడు. పనిగది కిటికీ తెరిచే ఉంది. "బావా" అనబోయి ఆగిపోయాడు.

లోపల బావ బల్ల ముందు కూర్చుని, కుడిచేత్తో పట్టకారు పట్టుకుని, ఆ పొద్దున అతను వేసిన ముడుల్ని ఒక్క పోగైనా తెగకుండా, చేయి ఇసుమంతైనా వణకకుండా ఒక్కొక్కటే విప్పి, ఎంతో శ్రద్ధగా వంకరగా కడుతున్నాడు.