జులపాలోడి వీపు

"ఫోను ఇటియ్యి!" అంది రాజవ్వ. బస్సు ఇంకా కోరుట్ల పొలిమేర దాటలేదు, అప్పుడే రెండోసారి అడగడం.

"కొండగట్టుకు అస్తున్నగదమ్మా. దారిలనన్న ఉండనియ్యవా?" ప్రణీత ఫోనును గుండెకు హత్తుకుంది.

"ఎవని పీడ వదిలించుకుందామని పోతున్నమో, వాన్నే ఎంట వెట్టుకొని అస్తవా?"

ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. రాజవ్వ గొంతు తగ్గించింది. తగ్గించి లాభం లేదు, సంగతి సగం కోరుట్లకు తెలుసు. డిగ్రీ చదివే పిల్ల, ఫోను ఆటలో ఉండే మనిషి మీద మనసు పడింది. వాడి పేరు జోరాన్. నల్లకోటు, భుజాల దాకా జులపాలు, మెడ మీద కత్తిగాటు. తన ఊరిని తానే తగలబెట్టాడు, ఎందుకో ఎవరికీ చెప్పడు. ఆటలో చీకటి పడితే కొండ అంచున మంట వేసుకుని, ఆడేవాళ్లకు వీపు తిప్పి కూర్చుంటాడు. ఇంతవరకు వాడి ముఖం చూసినవాళ్లు లేరు. మొన్న కథలాపూర్ సంబంధం వాళ్లొస్తే, పిల్లగాడు ఊరికే నవ్వుతున్నాడని ప్రణీత వద్దంది. ఆ సాయంత్రమే రాజవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది.

"ఊరు తగలవెట్టినోడు నీకెట్ల నచ్చిండే?"

"లోపల ఎంత బాధ ఉంటే గట్ల చేస్తడమ్మా, పాపం!"

"లోపల బాధ ఉన్నోళ్లంత గట్లనే చేస్తే, మన కోరుట్ల ఎన్నడో బూడిదయ్యేది. ఇటియ్యి."

ప్రణీత ఫోను ఇచ్చింది. ఇస్తూనే తల్లి చెయ్యి పట్టుకుంది. "బంద్ చెయ్యకమ్మా. వేలు తగిలినా మళ్ల మొదటికస్తది. గట్లనే పట్టుకో."

"పట్టుకుంటగని, దండం వెట్టుకున్నంక నువ్వే వాన్ని ఫోన్లకెల్లి తీసెయ్యాలె. అంజన్న మీద ఒట్టెయ్యి."

"ఒట్టు," అంది ప్రణీత. "ఒక్కసారి నా దిక్కు తిరిగితే సాలు. మొఖం చూసి తీసేస్త."

"తిరుగనే తిరుగడా?"

"మంట ఆరిపోయేదాక ముట్టకుంట ఎదురుసూస్తే తిరుగుతడట. మా గ్రూపుల ఎవ్వలతోని అయితలేదు. నడుమల ఏదో మెసేజ్ అస్తది, చెయ్యి దానంతటదే పోతది."

ఆ గ్రూపులో వేలమంది ఆడపిల్లలున్నారు. అందరిదీ వాడి మీదే ప్రాణం. ఒకరినొకరు సవతులని పిలుచుకుంటారు, పుట్టినరోజులకు కేకు బొమ్మలు పంపుకుంటారు.

"మొగోని వీపు సూసుకుంట కూసునుడు గూడ వశం కాదా మీకు!" రాజవ్వ మూతి తిప్పింది.

కాసేపు ఏడ్చి, ప్రణీత కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. రాజవ్వ ఫోనును రెండు అరచేతుల్లో, నిండు దీపాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది. బీడీలు చుట్టి చుట్టి ఎన్నడూ ఊరుకోని వేళ్లు అవి. ఇప్పుడు కదలాలంటే భయపడుతున్నాయి.

తెర మీద మంట మండుతోంది. జులపాలు గాలికి ఊగుతున్నాయి. వీడికేం పోయేకాలం, ఇటు తిరిగితే సొమ్మేం పోతుంది అనుకుంది రాజవ్వ. అనుకుంటూనే చూసింది. ఆ భుజాలు కొంచెం వంగి ఉన్నాయి. బరువు మోసి వచ్చిన మనిషి భుజాలు.

మొగుడు జలపతివీ అలాగే ఉంటాయి. మస్కట్ నుంచి వచ్చినప్పుడల్లా నెలరోజులుండి, బ్యాగు భుజానికేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. చూస్తే పోబుద్ధి కాదంటాడు. నిజమే అయి ఉంటుంది. రాజవ్వకు మాత్రం మళ్లీ వచ్చేదాకా ఆ వీపే మిగులుతుంది. ఆమెకు ఆ మనిషి మీద కోపం లేదు, బెంగ ఉంది. అది చెప్పుకోవడానికి ఆమెకు ఏ గ్రూపూ లేదు.

జగిత్యాల బస్టాండులో కిటికీ కింద చాయ్ చాయ్ అని అరిచారు. రాజవ్వ తల తిప్పలేదు. ఫోనులో ఏవో మెసేజ్‌లు టకటకా వచ్చి పడ్డాయి. వాటినీ పట్టించుకోలేదు. బస్సు మళ్లీ కదిలింది. తెర మీద మంట చిన్నదైంది.

"కొండగట్టు! కొండగట్టు దిగేటోళ్లు ఎవలున్నరు?" కండక్టర్ అరిచాడు.

"ఆఁ... ఉన్న. గిక్కడనే ఉన్న," అంది రాజవ్వ మెల్లగా, ఒళ్లోకి చూస్తూ.

"ఉంటే దిగమ్మా! గాడ కూసొని అంటే ఎట్ల?"

ప్రణీత ఉలిక్కిపడి లేచింది. ఇద్దరూ హడావుడిగా దిగారు.

"ఆట పోయిందా అమ్మా?"

"ఛార్జింగ్ అయిపోయినట్టున్నది, చీకటైంది." రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడ్సినవా?"

"దుమ్ము వడ్డది, నడువు."

ఆటోలో కొండెక్కేటప్పుడు ఆమె ఫోనును కొంగులో చుట్టి పట్టుకుంది. కూతురికి తిరిగివ్వలేదు. తల్లి మనసులో ఇంకా కోపం పోలేదనుకుని ప్రణీత భయపడింది. గుడిలో దండం పెట్టుకుని బయటికి రాగానే, ఏమనుకుందో ఏమో, తనే పూజారి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏమైందమ్మా పిల్లకు?" పీడ పోవడానికి కట్టే ఎర్రదారం తీశాడు పూజారి.

ప్రణీత తల దించుకుని చెయ్యి చాపింది. రాజవ్వ ఆ చేతిని పక్కకు జరిపి, తన చెయ్యి ముందుకు పెట్టింది.

"దానికేం కాలేదు అయ్యగారూ, మంచిగనే ఉన్నది. నాకు కట్టుండ్రి," అంది. "వాడు నా దిక్కు తిరిగి, 'ఇంకా గిక్కడనే ఉన్నవా' అని అడిగిండు."