పన్నెండా, ఇరవై ఎనిమిదా?

"ఆ ఫిరంగి కింద పెట్టు. లేకపోతే గడప దాటనివ్వను."

నేలిదా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మొగుడు బసీలియో భుజాన పన్నెండు బోరు తుపాకీ ఉంది. ఆమె చేతిలో ఉన్నది వాళ్ళ నాన్న తాలూకు ఇరవై ఎనిమిది బోరు. బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది గనక, అది దాని పక్కన చేతికర్రలా కనిపిస్తోంది.

"దాంతో సీతాకోకచిలకల్ని కొట్టుకోవాలి," అన్నాడు బసీలియో. "కౌజుపిట్ట గడ్డిలోంచి లేచిందంటే కళ్ళకి ఆనదు. పన్నెండైతే గుండ్లు ఎక్కువ. ఏదో ఒకటి తగుల్తుంది."

"ఏదో ఒకటా? పోయినేడు పోటీలో దోన్ హసింతో నా పిట్టని కొరికి, రేగ్గింజలు ఊసినట్టు ఊశాడు సీసపు గుండ్లు! అందరి ముందూ! కప్పు ఆ పెట్రోనా ఎత్తుకుపోయింది."

"ఈసారి పిట్టని దూరం పోనిచ్చి కొడతాలేవే. అప్పటికి గుండ్లు చెదిరిపోతాయి, రెండో మూడో తగుల్తాయి."

"నువ్వా! దూరం పోనిచ్చేది నువ్వా! అది రెక్క విప్పకముందే పేలుస్తావు. పిట్ట జల్లెడైపోతుంది. ఆ జల్లెడని నేను వండాలి!"

వచ్చే ఆదివారం ఊరి క్లబ్బులో ఎస్కబేచే పోటీ ఉంది. పొలంలో వేటాడిన కౌజుపిట్టనే వెనిగర్‌లో, నూనెలో, బిర్యానీ ఆకుతో ఉడికించి జాడీలో ఊరబెట్టాలి. ఆ కప్పు కోసం నేలిదా నిద్దర్లో కూడా కలవరిస్తోంది. బసీలియో గొణుక్కుంటూనే ఇరవై ఎనిమిది బోరు అందుకున్నాడు.

పచ్చిక మీద మంచు ఇంకా కరగలేదు. కుక్క చిస్పా ముందు పరిగెత్తి, ఉన్నట్టుండి ఒక కాలు పైకెత్తి బిగుసుకుపోయింది. నేలిదా మొగుడి మోచెయ్యి గిల్లింది. బుర్రుమంటూ పిట్ట లేచింది. ఢాం! పిట్ట హాయిగా కంచె దాటిపోయింది.

"చెప్పానా?" అన్నాడు బసీలియో. "దీంట్లో గుండ్లున్నాయా, ఆవాలున్నాయా?"

"తుపాకీని కాదు, నీ కంగారుని తిట్టుకో. ముందు నువ్వు ఊపిరి తీసుకో."

రెండోదీ పోయింది. మూడోది లేచినప్పుడు బసీలియో పళ్ళు బిగబట్టి ఆగాడు. పిట్ట ముందుకి గొట్టం తిప్పి నొక్కాడు. పిట్ట గాల్లోనే ముడుచుకుని రాలింది. "పడింది! పడిందే ముసలీ!" అంటూ అతను చిందులేశాడు. చిస్పా తెచ్చిన పిట్టని నేలిదా ఈకలు ఎగదోసి చూసింది. ఒంటి మీద రెండే చిల్లులు. ఆనందం పట్టలేక ఆమె కుక్కనీ మొగుణ్ణీ కలిపి ముద్దు పెట్టుకుంది. మధ్యాహ్నానికి సంచి నిండింది.

ఇంటికొచ్చాక ఆమె ప్రతి పిట్టనీ వేళ్ళ కొసలతో తడిమింది, దీపానికి పట్టి చూసింది, సూదితో గుండ్లన్నీ ఏరి పారేసింది.

ఆదివారం క్లబ్బు కిటకిటలాడింది. న్యాయనిర్ణేత దోన్ హసింతో నేలిదా జాడీలోంచి ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి తిన్నాడు. మరోటి తిన్నాడు.

"అమృతం," అన్నాడాయన. "కానీ సెన్యోరా... ఇన్ని తిన్నాను, ఒక్క గుండూ తగల్లేదే?"

"తగలదు! నేను..."

"ఎలా తగుల్తుంది?" వెనకనుంచి పెట్రోనా గొంతు లేచింది. "పట్నం బజార్లో కొన్న పెంపుడు పిట్టలకి గుండ్లెక్కడివమ్మా!"

హాలంతా గొల్లుమంది. నేలిదా ముఖం ఎర్రబడింది. "అబద్ధం! నా కళ్ళముందే కొట్టాడు! గుండ్లు నేనే ఏరేశాను!"

"అందరూ అదే అంటారు," అన్నాడు దోన్ హసింతో ఇబ్బందిగా. "ఒక్కటి, ఒకే ఒక్కటి దొరికినా కప్పు మీదే. లేకపోతే నేనేం చెయ్యను?"

"నా పెళ్ళాన్ని దొంగంటారా!" బసీలియో కుర్చీ తన్ని, తలుపు ధడేల్న వేసి బయటికి పోయాడు.

నేలిదా జాడీ ముందుకి లాక్కుంది. ముక్క తర్వాత ముక్క కొరికి నమిలింది. "ఒక్కటి, మరియ తల్లీ, ఒక్కటి!" కళ్ళనీళ్ళు వెనిగర్‌లో కలుస్తున్నాయి. తన వేళ్ళు ఎంత శుభ్రంగా పనిచేశాయో ఆమెకి అప్పుడు తెలిసింది. బసీలియో తిరిగొచ్చేసరికి జాడీలో ఒక్క తొడ మిగిలింది.

"ఇలా తే," అంటూ అతను దాన్ని మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. దవడ ఒకసారి ఆడింది, రెండుసార్లు ఆడింది.

కటుక్!

బసీలియో అబ్బా అని అరిచి అరచేతిలోకి ఊశాడు. విరిగిన పన్ను ముక్క, దాని పక్కన చిన్న నల్లటి గుండు. దోన్ హసింతో దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "సీసమే!" అని కేక పెట్టాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. పెట్రోనా కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు. కప్పు నేలిదా చేతుల్లోకి వచ్చింది.

ఆమె మొగుణ్ణి వాటేసుకుని చెవిలో అంది. "చూశావా నా ఇరవై ఎనిమిది బోరు తడాఖా! అన్ని పిట్టలకీ కలిపి మిగిలింది ఒకే ఒక్క గుండు!"

బసీలియో బుగ్గ పట్టుకుని గుసగుసలాడాడు. "మెల్లగా మాట్లాడవే ముసలీ. ఇప్పుడే బయట ట్రక్కులో తూటా కోసి ఒక గుండు నోట్లో వేసుకొచ్చా... అది నా పన్నెండు బోరుది."