ఎడమ కన్ను మూస్తే

బస్సు గుద్దుకుని చెంప ఎముక విరిగిన నాటి నుంచి డ్రైవరుగారి కళ్ళు చెరో రూటు పట్టాయి. ఏది చూసినా రెండే. ఒక కన్ను మూస్తే ఒకటవుతుంది. రేపటి పరీక్షలో ఒక కన్ను మూసినా రెండు కనిపిస్తే స్టీరింగు మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు.

రాత్రి కరెంటు పోయింది. భార్య కొవ్వొత్తి పట్టుకొచ్చింది.

"ఎన్ని కనిపిస్తున్నాయండీ?"

"రెండు. పెళ్ళాలూ ఇద్దరే!"

"ఉన్న ఒక్కదానికే చీర కొనరు, సంబడం! ఎడమ కన్ను మూయండి."

మూశాడు. కొవ్వొత్తి ఒకటయింది. భార్య మాత్రం ఇద్దరుగానే ఉంది. వెనకనున్నామె చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఇప్పుడు నేనెంతమందిని?"

అతను స్టీరింగును తలుచుకున్నాడు. "ఒక్కదానివే."

"హమ్మయ్య!" అంది భార్య.

వెనకనున్నామె భార్య భుజం మీదుగా వంగి, మెల్లగా కొవ్వొత్తి ఊదేసింది.