తగ్గినవాళ్లు

“సూదికి రాకపోతే తగ్గినట్టేనా సార్? గిదేం లెక్క?” అంది ఫిజా, కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి.

“రాసింది రాసినట్టు ఉండనీ బిడ్డా,” అన్నాడు మేనేజర్ మధుసూదన్. “రేపు పొద్దుగాల దాతలు వస్తున్నరు. రిపోర్టు జల్దీ కావాలె.”

శామీర్‌పేటలోని ఆ ట్రస్టు దవాఖానాలో, కీళ్ల జ్వరం గుండెకు పాకిన పిల్లలకు నెలనెలా ఉచితంగా సూది వేస్తారు. ఫిజా అక్కడ చేరి వారం కూడా కాలేదు. రిపోర్టులు తయారుచేయడం ఆమె పని. పిల్లల పేర్లను గ్రూపులుగా విడగొట్టే ఎక్స్‌ప్రెషన్, అంటే లెక్క సూత్రం, ఒకటి ఆ రిపోర్టులో ఎవరో ముందే రాసి పెట్టారు. అది బిడ్డ చివరిసారి వచ్చిన తేదీ చూస్తుంది. మూడు నెలలు దాటిందా, ఆ పేరును ‘తగ్గినవాళ్లు’ అనే గ్రూపులో వేసేస్తుంది. దాటలేదా, ‘వస్తున్నవాళ్లు’లో ఉంచుతుంది. అంతే, మూడో గ్రూపు లేదు. తగ్గినవాళ్ల గ్రూపు చూస్తే చాంతాడంత ఉంది.

“డాక్టరమ్మ ఏమన్నది సార్? నొప్పులు పోయినా సూది ఆపొద్దు, ఆపితే పానం మీదికి వస్తదన్నది. గీళ్లంత మానేసినోళ్లు. ‘మానేసినవాళ్లు’ అని ఇంకో గ్రూపు పెడత. ఒక్కొక్కరికి ఫోన్ చేసి పిలిపిద్దాం.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“నొప్పుంటే తల్లిదండ్రులు ఇంట్ల కూసుంటరా? ఎత్తుకొని ఉరికొస్తరు. రాలేదంటే తగ్గినట్టే.” మధుసూదన్ గొంతు కటువుగా ఉంది. “ఏ తండ్రన్న తెలిసి తెలిసి బిడ్డకు సూది మాన్పిస్తడా?”

ఫిజాకు ఒళ్లు మండింది. దాతల ముందు గొప్పలు పోవడానికి ఈ మనిషికి పసిపిల్లల ప్రాణాలే దొరికాయా!

“తండ్రులకు తెల్వదు సార్. బిడ్డ ఆడుకుంటాందంటే బాగైందనుకుంటరు. మనకు తెలుసు గద. తెలిసి చెప్పకపోతే ఆ పాపం మనదే.”

మధుసూదన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “రిపోర్టు మార్చినవంటే రేపటి నుంచి పనికి రాకు,” అని వరండాలోకి వెళ్లిపోయాడు.

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఫిజా మాత్రం తక్కువ తిన్నదా? ఉద్యోగం పోతే పోయిందనుకుని ఎక్స్‌ప్రెషన్ మార్చేసింది. ‘తగ్గినవాళ్లు’ గ్రూపు ఒక్కసారిగా ఖాళీ అయింది. పేర్లన్నీ వచ్చి ‘మానేసినవాళ్లు’ కింద కూర్చున్నాయి. అన్నింటికంటే పైన అశ్రిత, ఊరు దేవరయాంజాల్ అని ఉంది. పక్కనే తండ్రి ఫోన్ నంబరు. ఫిజా బల్ల మీది ఫోన్ ఎత్తి ఆ నంబరు నొక్కింది.

వరండాలో ఎవరి ఫోనో మోగింది. ఆమె అటు చూడనైనా లేదు.

“హలో, దవాఖాన నుంచి మాట్లాడుతున్న. అశ్రిత వాళ్ల నాయినేనా?”

బదులు కోసం ఆగకుండా ఆమె చెప్పుకుపోయింది.

“పాపకు సూది మాన్పియ్యకుండ్రి అన్నా. మంచిగ ఆడుకుంటున్నా సరే, రేపే తీసుకరాండ్రి.”

“మస్తు ఆడుకుంటుండె. తగ్గిందనే అనుకున్న.”

ఆ గొంతు ఫోన్లోంచీ వరండాలోంచీ ఒకేసారి వినబడింది. ఫిజా తలెత్తింది. కిటికీ అవతల మధుసూదన్, ఫోన్ చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె రిసీవరు మెల్లగా పెట్టేసింది.

“మిగిలినోళ్లకు జల్దీ ఫోన్ చెయ్యి బిడ్డా,” అన్నాడతను, ఇటు తిరగకుండానే. “మా అశ్రిత బతుకమ్మకు ముందే పోయింది, దాన్నొక్కదాన్ని తగ్గినోళ్లల్లనే ఉండనియ్యి.”