వీరభద్ర సార్ హాజరు

"మన ట్యాబు పాఠాన్ని జిల్లాలో బడులన్నిటికీ ఇస్తారంట!" అంటూ మా ఆయన వీరభద్ర ఫోను పక్కన పడేసి నన్ను గిరగిరా తిప్పాడు. మా పెళ్లయి నెల రోజులే.

ఆయన ఓర్వకల్లు దగ్గర బడిలో టీచరు. రాత్రి ఎనిమిదికి, బడి ఇచ్చిన పిల్లల ట్యాబులు ఆయన రికార్డు చేసిన గొంతుతోనే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాయి. పాఠానికి ముందు "అన్నం తిన్యావా?" అని అడుగుతాయి. బడిలో హాజరు వేసేటప్పుడు ఆయన అలవాటు అది.

"మీ గొంతు ఊరూరా తిరుగుతాది. నాకేమన్నా మిగుల్తాదా సార్?" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

ఇంతలో బీరువాలోంచి ఆయన గొంతే వినబడింది.

"నాగలతా, అన్నం తిన్యావా?"

ఆయన బడి పిల్ల నాగలత అమ్మానాన్నలతో మిరప కోతకు గుంటూరు వైపు వలస పోయింది. పోతూ ట్యాబు తిరిగి ఇచ్చేస్తే, ఆయన దాన్ని బీరువాలో పెట్టాడు. మూడు వారాలు చూసి, నిన్ననే ఆయన జాబితాలోంచి ఆ పిల్ల పేరు తీసేశాడు.

బీరువా తెరిచాను. ట్యాబు చల్లగా, నల్లగా ఉంది. అందులో ఛార్జింగ్ ఏనాడో అయిపోయింది.

ఫ్యాను చప్పుడు ఒక్కటే వినబడుతోంది. అప్పుడు ఆ నల్లటి అద్దంలోంచి, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు, ఒక చిన్న గొంతు పలికింది.

"లేదు సార్."

భయం వేసినా గర్వంగా ఆయన చేయి పట్టుకున్నాను. ఆయన కొట్టేసిన పేరును ఆయన గొంతు మరవలేదు.

"రేప్పొద్దున మొదటి బస్సుకే గుంటూరు పోదాం," అన్నాడాయన.

"సద్ది నేను కడతా," అన్నాను. "ముగ్గురికి."